బాపమ్మ మణికట్టు

1. మొదటి షిఫ్టు అయ్యాక

నేను కంచం విసిరేశానని మా ఇంట్లో ముగ్గురూ నమ్ముతున్నారు. విసరలేదు. జారింది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు ఉండీ లేనట్టయిపోయాయి. కంచం చేతిలోంచి వెళ్లిపోతోందన్న సంగతి చప్పుడు వినపడ్డాకే తెలిసింది. పప్పంతా గోడకు చిమ్మింది.

"చదువుకున్న కోపం గిట్లనే ఉంటది" అంది అమ్మ, గోడ తుడుస్తూ. బాపు తన కంచాన్ని కొంచెం ఒళ్లోకి జరుపుకున్నాడు, దాన్ని కూడా లాక్కుని విసురుతానేమో అన్నట్టు. చెల్లెలు రవళి నవ్వు ఆపుకుంటూ, "ఈసారి చారు గిన్నె ఇసురు అక్కా, గోడకు రంగు మంచిగొస్తది" అంది.

చేయి మొద్దుబారిందని చెప్పాను. అమ్మ గోడ తుడవడం ఆపి తిరిగి చూసింది. "కాలేజీ అయిపోయి ఇన్నొద్దులాయె, నీ మనసు ఇంకా కుర్చీ మీదికి రాలే. పని ఎగ్గొట్టుడుకు చెయ్యి ఒకటి దొరికింది."

మా ఇంట్లో నన్ను ఇలాగే చదువుతారు. ఊరుకుంటే పొగరు. మాట్లాడితే ఎదురు చెప్పడం. నొప్పి అంటే నాటకం.

వేరే కీబోర్డు, వేరే మౌస్ కావాలని అడిగినవాళ్లు ముందు కొన్నాళ్లు చేతి చిట్టా రాసివ్వాలని లాంపు రూములో చెప్పారు. అందుకే ఇది. ఎడమచేత్తో, కుర్చీకి కలపని పలక మీద రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే చదివేవాళ్లు సర్దుకోండి. నా పేరు స్వరూప. మూడో లెవెల్, బాపు తల్లి ఓదెమ్మ గారి కుర్చీ.

2. షిఫ్టు మధ్యలో, టీ విరామం

నొప్పి ఎప్పుడు మొదలవుతుందో రాయమన్నారు. తుడుపు బండ్లు రెండో వరస పలకల్లోకి తిరిగేటప్పుడు మొదలవుతుంది.

పైన, పాత ఓపెన్ కాస్ట్ బొగ్గు గుంత చుట్టూ ఏటవాలు నేల మీద కనుచూపు మేర సోలార్ పలకలు. వాటి మీద దుమ్ము తుడిచే బండ్లను కింద కూర్చుని మేం నడుపుతాం. ఎండకు తాళలేక జనం ఖాళీ గనుల్లోకి దిగింది మా బాపమ్మ ఓదెమ్మ పడుచుగా ఉన్నప్పుడు. అప్పటి నుంచి పగటిపూట పైకి వెళ్లినవాళ్లు లేరు. బండి కెమెరాలో ఒక మూలన ఆకాశం తెల్లగా కనిపిస్తుంది. ఒకసారి ఒక కాకి వాలింది. నేను బండి ఆపేసి చూస్తూ కూర్చున్నాను. దానికి మా షిఫ్టును చూసే సర్దారు పోశం మందలించాడు.

కుర్చీకి మనిషి పేరు అక్కర్లేదు, చేయి కావాలి. మీట ఎంత గట్టిగా పడుతుంది, ఒక మీటకూ ఇంకో మీటకూ మధ్య ఎంత ఎడం ఉంటుంది, మౌస్ ఏ వంపు తిరిగి వెళ్తుంది, ఇవన్నీ కలిపి చేయి. దొంగలు బండ్లను ఎత్తుకుపోకుండా పెట్టిన తాళమట. తెర మూలన సన్నటి పట్టీ ఉంటుంది. చేయి కుదిరితే పచ్చన, తడబడితే పసుపు, వేరే చేయి అయితే ఎరుపు. ఎరుపు పడితే బండ్లు ఎక్కడివక్కడ నిలబడతాయి.

అమ్మ వేళ్లు ముడవకుండా పోయాక ఆమెను అన్‌ఫిట్ చేశారు. వారసురాలిగా నన్ను కూర్చోబెట్టారు. కూర్చోబెట్టడానికి ముందు అమ్మ తన చేయి నాకు నేర్పింది. నా మణికట్టు లోపలి వైపు చెక్క తెడ్డు కట్టి, చేయి చిటికెనవేలి వైపే వంగి ఉండేలా చేసింది. నంబర్ల మీదికి పోయే ముందు ప్రతిసారీ ఒక క్షణం ఆగాలి. "అక్కడ ఊపిరి తీస్కో, అటెన్క జరుపు" అనేది. ఆ ఆగడం రాక నేను ఎన్ని దెబ్బలు తిన్నానో. చివరికి వచ్చింది. పట్టీ పచ్చబడిన రోజు అమ్మ బెల్లం పరమాన్నం వండింది.

అది అబద్ధపు సంతోషం కాదు. ఆ రోజు నేనూ తిన్నాను, రెండుసార్లు పెట్టించుకుని.

3. లాంపు రూములో

వెనకటి రోజుల్లో గనిలోకి దిగేవాళ్లకు టోపీ దీపాలు ఇచ్చిన గది ఇది. ఇప్పుడు కీబోర్డులూ మౌస్‌లూ ఇస్తారు, పేరు మాత్రం మారలేదు. అక్కడ ఉండేది నస్రీన్. కాలేజీలో నా పక్క బెంచీ. పరీక్షల్లో నా కాగితం చూసి రాసి నాకన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకున్న మనిషి.

"చిట్టా చదివిన. కాకి సంగతి ఎందుకు రాసినవే? మావోళ్లు చెయ్యి గురించి రాయమంటే నువ్వు పిట్టల గురించి రాస్తవు."

"నొప్పి అప్పుడే తెలిసింది మరి. మౌస్ మీద నుంచి చెయ్యి తీస్తే."

"ఏది, పెట్టు చెయ్యి."

నా అరచేతిని బల్ల మీద పరిచి, వేళ్ల కొన నుంచి మణికట్టు దాకా కొలిచింది. తర్వాత మా కుర్చీ మౌస్‌ను దాని పక్కన పెట్టింది. నా చేతి ముందు అది పిల్లలు ఆడుకునే బొమ్మలా ఉంది.

"బాపు చెయ్యి వచ్చింది నీకు. గిది మీ అమ్మ కొలత. వేళ్లు ముడుసుకొని పట్టుకుంటన్నవు, కోడిపిల్లను పట్టుకున్నట్టు. రోజంతా కోడిపిల్లను పట్టుకుంటే ఏ చెయ్యి బతుకుతది?"

అలవాటైన పద్ధతిలో టైపు చేయమంది. చేశాను. తను వంగి పక్క నుంచి చూసింది. కీబోర్డు వెనక కాళ్లు లేపి ఉండడం వల్ల మణికట్టు పైకి విరుగుతోందని చెప్పింది. నంబర్ల ముక్క అడ్డంగా ఉండబట్టి మౌస్ కోసం భుజం దూరంగా చాచాల్సి వస్తోంది. "గివన్నీ సరే, చాలామందికి ఉన్నయే. మరి ఈ వంకర ఏందే? చిటికెనేలు దిక్కు గింత వంచుడు ఎక్కడ నేర్చినవు?"

"అమ్మ చెయ్యి."

నస్రీన్ లేచింది. వెనక అరల్లోంచి మూడు తెచ్చి పెట్టింది.

మొదటిది బంతి మౌస్. మౌస్ కదలదు, పైనున్న బంతిని బొటనవేలితో తిప్పాలి. నాకు ముందు పోయిందే బొటనవేలు, కాబట్టి వద్దన్నాను. రెండోది నిలువు మౌస్. ఎవరికో చేయి కలపడానికి చాచినట్టు అరచేయి పక్కకు తిరిగి ఉంటుంది. పట్టుకోగానే మోచేతి దగ్గర ఏదో ముడి విడిపోయింది. ఇందులో చిన్నదీ పెద్దదీ రెండు కొలతలుంటే, పెద్దది సరిపోయింది. మూడోది రెండు ముక్కల కీబోర్డు. భుజాల ఎడంలో ఒక ముక్క ఇటు, ఒక ముక్క అటు. నంబర్లు లేవు. మీటలు తాకితే చాలు, గుద్దక్కర్లేదు. మధ్య వైపు అంచులు కొంచెం పైకి లేపి పెట్టింది, గుడారంలా.

నేను టైపు చేశాను. ఏం టైపు చేశానో గుర్తులేదు. చేతులు తిన్నగా ఉన్నాయి. ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని తెలియదు. ఆగాల్సిన చోట ఆగలేదు, ఎవరూ ఏమీ అనలేదు.

"ఏడుస్తన్నవా ఏందే?"

"లేదు. దుమ్ము."

"లాంపు రూముల దుమ్మా? నేను రోజూ తుడుస్తనే" అంది నస్రీన్. రెండింటినీ గోనెసంచిలో పెట్టి ఇచ్చింది, ప్రయత్నించి చూడమని.

4. ఎరుపు

తొందరపడలేదు. ముందు మా పాత కీబోర్డు వెనక కాళ్లు మాత్రం మడిచాను. పట్టీ పసుపైంది. మౌస్‌ను దగ్గరికి జరిపాను. ఇంకా పసుపు. ఇంతదాకా వచ్చాం కదా అని సంచిలోంచి నిలువు మౌస్ తీసి కలిపాను.

ఎరుపు. రెండో వరసలో బండ్లన్నీ ఒకేసారి నిలిచిపోయాయి. తెర మీద వాటి నీడలు కదలకుండా ఉన్నాయి. అవి తిరిగి కదలడానికి పాత మౌస్ పెట్టి, మణికట్టు వంచి, ఊపిరి తీసుకుని, మొదట్నుంచీ రుజువు చేసుకోవాల్సి వచ్చింది. ఆ లోపు సర్దారు పోశం వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"ఓదెమ్మ కుర్చీల ఎన్నడు ఎరుపు పడలేదు బిడ్డా" అన్నాడు. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. "కుర్చీల మీద చేతులు సరిజూసే పరీక్ష దగ్గరకొచ్చింది. గప్పుడు గిట్ల పడితే కుర్చీ పోతది. కుర్చీతో పాటు ఇల్లు."

"నా చేయి నేను రాయించుకోవచ్చా?"

"కొత్త చెయ్యా? రాసుకుంటరు. పాతది కొట్టేస్తరు, మళ్లీ ఎవ్వలకు రాదు. కొత్త చేతులు ఏడో లెవెల్ నుంచి మొదలు." నా పక్కన సంచిలోకి తొంగి చూసి, "ఇంత మంచి కుర్చీ ఇడిసి ఎవలు పోతరు" అని వెళ్లిపోయాడు.

ఏడో లెవెల్ అంటే చదివేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు గానీ రాయాలి. అక్కడ గాలి వంతుల వారీగా వదులుతారు. పైకప్పు నుంచి నీళ్లు కారుతూనే ఉంటాయి. మా ఇల్లు మూడో లెవెల్‌లో, పైనుంచి గాలి దిగే గాలిబావి పక్కన. బాపు మంచం తల సరిగ్గా గాలి తగిలే చోట వేశాం. ఆయన ఊపిరితిత్తుల్లో సగం బొగ్గు దుమ్మేనని డాక్టర్ అంది.

ఎరుపు పడిన చీటీ నాకన్నా ముందే ఇంటికి చేరింది. అమ్మ దాన్ని చదవలేదు, రవళి చేత చదివించుకుంది.

"గిప్పుడు సంబురమా?" అంది అమ్మ నాతో.

"నా చేయి పోతోందమ్మా. పొద్దున బొట్టు పెట్టుకుంటుంటే వేలికి తెలుస్తలేదు."

"అద్దం చూసి పెట్టుకో."

రవళి ఫక్కున నవ్వి, అమ్మ చూపు చూసి ఆపేసింది.

"నీకు చాతకాకపోతే చెప్పు, రవళి ఉన్నది" అంది అమ్మ. "దాని చెయ్యి నా కొలతే."

బాపు దగ్గు ఆగాక మెల్లగా పిలిచాడు. దగ్గరికి వెళ్లి మంచం అంచున కూర్చున్నాను. "బిడ్డా, నువ్వు అబద్ధమాడుతున్నవని నేనంటలేను. నొప్పే ఉండొచ్చు. నా పాణం పొయ్యేదాక ఆగు. ఎక్కువ రోజులు ఆపను నిన్ను."

దుప్పటి సర్దాను. సర్దుతున్న వేళ్లకు దుప్పటి తగిలిందో లేదో తెలియలేదు.

5. సెలవు పూట, ఇంట్లో

పట్టుకున్నవి జారిపోతున్నాయి: గ్లాసు, దువ్వెన, సబ్బు. రాత్రి చేయి తిమ్మిరెక్కి మెలకువ వస్తే విదిలించుకుంటున్నాను. నస్రీన్ రాయమన్న వివరాలు ఇవి.

ఈ పూట జరిగింది వేరే.

గోనెసంచిని నేను మంచం కింద పెట్టాను. స్నానం చేసి వచ్చేసరికి అమ్మ రెండు ముక్కల కీబోర్డును బల్ల మీద పెట్టుకుని చూస్తోంది. బాపు నిద్రపోతున్నాడు. రవళి లేదు.

"ఇరగ్గొట్టిన కీబోర్డు తెచ్చినవేంది?"

"ఇరగ్గొట్టలేదమ్మా, గట్లనే చేసిండ్రు. భుజాలంత ఎడం పెట్టుకుంటే మణికట్టు వంగదు."

"నంబర్లేవి దీనికి?"

"అవి లేకుంటే మౌస్ దగ్గరికొస్తది."

"నంబర్లు లేకుంట బండ్లు ఎట్ల నడుపుతరు" అని గొణుగుతూ రెండు ముక్కల మీదా చేతులు పెట్టింది. ముందు మా పద్ధతిలో వంచబోయింది. ఆ ముక్కల మీద వంచడం కుదరలేదు. చేతులు వాటంతట అవే తిన్నగా వాలాయి. ముడవని వేళ్లతోనే బండి దారి మీటలు కొట్టడం మొదలుపెట్టింది, ఊరికే, గుర్తున్నది గుర్తున్నట్టు.

అమ్మ చేయి చప్పుడు నాకు నా పేరుకన్నా బాగా తెలుసు. గట్టిగా, గట్టిగా, ఆగి, ఈడ్చి. ఇది అది కాదు. తేలిగ్గా, ఎక్కడా ఆగకుండా, చిన్న వాన రేకుల మీద పడ్డట్టు. కాసేపటికి తనే ఉలిక్కిపడి ఆపింది.

"అదెవరి చెయ్యమ్మా?"

"ఎవలదేంది. నాదే. పెండ్లికి ముందటిది. మా అవ్వగారిల్లు ఆరో లెవెల్ల ఉంటుండె, అక్కడ నేర్చుకున్న."

"మరి నాకు నేర్పింది?"

"మీ బాపమ్మది. కుర్చీ ఆమెది గద. కోడలుగ వచ్చినంక నాకు నేర్పింది, నేను నీకు నేర్పిన. తెడ్డు గూడ ఆమెదే."

నేను బల్లకు ఇవతల కూర్చున్నాను. అడగాలో వద్దో తెలియని ప్రశ్న ఒకటి ఉంది. అడిగాను. బాపమ్మ మణికట్టు ఎందుకు అలా వంగి ఉండేది?

అమ్మ చాలా మామూలుగా చెప్పింది. గనుల్లోకి దిగిన కొత్తలో డిప్పులో, కిందికి దిగే ఏటవాలు సొరంగంలో, బాపమ్మ కాలు జారి పడిందట. చేయి విరిగింది. "కట్టు కట్టినోడు వంకర కట్టిండు. అది గట్లనే అతుక్కున్నది. అటెన్కనే అందరి చేతులు రాసుకుంటున్నరని పొయ్యి రాయించుకున్నది. నంబర్ల దిక్కు జరపాలంటే ఆమెకు చెయ్యి లేవకపోతుండె. కొంచెం ఆగి, మోచెయ్యితోని లేపుతుండె."

ఊపిరి తీస్కో, అటెన్క జరుపు.

నేను దెబ్బలు తిని నేర్చుకున్న ఆ ఆగడం, విరిగిన ఎముక నొప్పికి ఒక మనిషి పళ్లు బిగించిన క్షణం. దాన్ని మా అమ్మ నేర్చుకుంది. దాన్ని నాకు నేర్పింది. పట్టీ పచ్చబడితే పరమాన్నం వండింది.

"అమ్మా, అది వంకర. ఆమె చెయ్యి విరిగి వంకరపోతే మనం మంచి చేతులు వంచుకున్నం."

"వంకర గాదు. మన ఇంటి పద్ధతి."

"నీ వేళ్లు దాంతోనే పొయినయి."

అమ్మ కుడిచేతిని కొంగు కింద పెట్టుకుంది. "అందరియి పోతయి" అంది. తర్వాత కీబోర్డు ముక్కలను తనే సంచిలో పెట్టి, మంచం కిందికి తోసింది. చేతులు తిన్నగా ఉన్న ఆ కాసేపూ ఆమె మొహం ఎలా ఉందో నేను చూశాను. చూశానని ఆమెకూ తెలుసు.

6. షిఫ్టు నుంచి వచ్చాక

పొద్దున పట్టీ మూడుసార్లు పసుపైంది. వేరే కీబోర్డు ఏదీ కలపలేదు. బాపమ్మ చేయి నా చేతికి రావడం మానేసింది, అంతే. ఆగాల్సిన చోటు రాగానే పడుచు వయసులో ఉన్న బాపమ్మ సొరంగంలో పడడం కనిపిస్తోంది. పోశం దూరం నుంచి చూసి తల తిప్పుకున్నాడు.

దారిలో డిప్పు ఎక్కే రోప్ కారు దాటిపోయేదాకా నిలబడ్డప్పుడు లెక్కలు వేసుకున్నాను. పరీక్ష దాకా బిగబట్టి, అన్‌ఫిట్ చీటీ తీసుకుంటే కుర్చీ రవళికి వస్తుంది. బాపు మంచం జరగదు. నాకు ఏ పనీ ఉండదు, నా చేయి నా ఒళ్లో ఉంటుంది. అందరూ ఒప్పుకునే దారి అదే. పొద్దున నస్రీన్‌ను ఏడో లెవెల్ ఖాళీల గురించి అడిగి వచ్చి కూడా, నేనూ దాదాపు ఒప్పుకున్నాను. ఆ మాట ఇంటికి వెళ్లి చెబుదామనే నడిచాను.

తలుపు తీసే ఉంది. రవళి బల్ల ముందు కూర్చుంది. ఎదురుగా అమ్మ పాత కీబోర్డు. రవళి కుడి మణికట్టుకు చెక్క తెడ్డు కట్టి ఉంది. అమ్మ దాని వెనక నిలబడి భుజం మీద చేయి వేసింది. "ఆగు. ఆడ ఊపిరి తీస్కో."

రవళి ఊపిరి తీసుకుంది. నన్ను చూసి నవ్వింది. "చూడక్కా, నీకన్న జల్ది నేర్చిన. నీకెన్ని దెబ్బలు పడ్డయో అమ్మ చెప్పింది. నాకొక్కటి గూడ పడలే."

"ఎన్నొద్దుల సంది?"

"నీ కంచం పడ్డ కాడికెళ్లి" అంది అమ్మ, నా వైపు తిరక్కుండా.

అంటే నమ్మింది. కోపంతో విసిరానని అందరి ముందు అన్న ఆ పూటే, చేయి పోయిందని అమ్మకు తెలుసు. తెలిసే నాటకం అంది. తెలిసే తెడ్డు దించింది.

అన్నాలకు కూర్చున్నాం. తెడ్డు విప్పేశారు. రవళి పెరుగన్నం కలుపుతూ ఏదో చెబుతోంది, కాలేజీలో ఎవరో ఎవరికో రాసిన చీటీ సంగతి. దాని మణికట్టు చిటికెనవేలి వైపు వంగి ఉంది. ముద్ద ఎత్తే ముందు ఒక క్షణం ఆగింది. దానికి తెలియదు ఆగినట్టు.

"మణికట్టు తిన్నగ పెట్టు" అన్నాను.

"ఏ మణికట్టు?" అంది.

కడుక్కుని లేచి, మంచం కింద నుంచి గోనెసంచి తీశాను. అమ్మ అడగకముందే చెప్పాను. నస్రీన్‌తో పొద్దున మాట్లాడానని, ఏడో లెవెల్‌లో ఖాళీ ఉందని, నా చేయి రాయించుకుంటానని. పాత చేయి కొట్టేస్తారని కూడా చెప్పాను, అది వినాల్సింది రవళి కాబట్టి.

"బాపును చంపుతవా?" అంది అమ్మ.

బాపు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఊపిరి శబ్దం వినిపిస్తోంది. ఆయన ఆగమన్నాడు. ఆగితే ఆ కుర్చీలో రవళి చేయి వంగుతుంది.

"నువ్వు మా కడుపున పుట్టినదానివి కావు" అంది అమ్మ. ఇందులో కూడా ఆమె నన్ను తప్పే చదివింది.

ఇది చివరి నమోదు. లాంపు రూముకు ఇవ్వాల్సిన వివరాలు: రెండు ముక్కల కీబోర్డు, మధ్య అంచులు లేపి, వెనక కాళ్లు మడిచి. నిలువు మౌస్, పెద్ద కొలత. బల్ల మోచేయి ఎత్తుకు మించకూడదు. ఇవి నేను ఎంచుకున్నవి.

రేపు మొదటి షిఫ్టుకు ముందు నా చేయి రాయించుకుంటాను. ఓదెమ్మ గారి కుర్చీ మీదున్న పాత చేయి కొట్టేయండి. ఏడో లెవెల్‌లో ఇల్లు చూపించండి. బాపును పొద్దున రోప్ కారులో మూడో లెవెల్ గాలిబావి దగ్గరికి నేనే తీసుకొచ్చి, షిఫ్టు అయ్యాక నేనే దించుతాను. తెడ్డును పొయ్యిలో పెట్టాను.